ఇరవై తొమ్మిదో పదం

మొన్న మిట్టమధ్యాహ్నం కరెంటు పోయి, ఎర్రదుమ్ము గాలి కిటికీ రెక్కలను టపటపా బాదుతున్న వేళ, మా చెల్లెలి మనవరాలు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నా మంచం పక్కన చతికిలబడింది. ఆ పిల్ల ఎమ్మెస్సీ లెక్కలు చదువుతోంది. కాలేజీలో దానికి ప్రాజెక్టు పనిగా ఇచ్చిన అంశం క్వాంటమ్ అఫైన్ ఆల్జీబ్రాల క్యారెక్టర్లట. మా ఇంట్లో ఆ మాట వినపడి ఎన్నేళ్లయిందో, నేను చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాను. "చూడవ్వా, ఏముండాది దీంట్లో, ఒక్క నొక్కు నొక్కితే అంతా వచ్చేస్తాది" అని నొక్కింది. తెర మీద పదాల జాబితా జరజరా దిగి ఆగింది. అడుగున మొత్తం ఇరవై తొమ్మిది అని వచ్చింది. నడుమ ఒకే ఒక్క పదం ముందు రెండు అనే అంకె ఉంది. "ఈడొక్క చోట మాత్రం రెండుసార్లు వస్తాదవ్వా. మరిచిపోయి ఒకటే అనుకున్యామా, కొంప మునిగినట్లే" అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వంటింట్లోకి పోయి చెంబెడు నీళ్లు తాగి వచ్చాను.

ఆ మునిగిన కొంప నాదే. ఈ సంగతి మా చెల్లెలికే సరిగ్గా తెలియదు, దాని మనవరాలికి ఏం తెలుస్తుంది? నా ఈడు వాళ్లకు చెప్పుకోవాలనిపించింది. గురువు ఎదుట కూర్చోవడానికే భయపడిన తరం మనది, మీకైతే విడమరిచి చెప్పే పని తక్కువ.

అప్పటికి నేను చిన్నపిల్లను కాదు. ముప్పై దాటి, ఇద్దరు బిడ్డల తల్లినై, డిగ్రీ కాలేజీలో ఒకే పాఠాన్ని ఏటేటా చెప్పి చెప్పి నోరు ఎండిపోయిన మనిషిని. కాలేజీ వాళ్లు పరిశోధనకని సెలవిస్తే, డాక్టరేటు చేసుకుని యూనివర్సిటీలో ఉద్యోగం సంపాదించవచ్చునని ఎగిరి గంతేశాను. సెలవు తీరేలోగా థీసిస్ ఇచ్చుకోవాలి, ఇవ్వలేకపోతే మళ్లీ ఆ పాఠాలకే పోవాలి, ఇంకోసారి సెలవు ఎవరూ ఇవ్వరు. మా ఆయనది శింగనమల. అక్కడి చెరువు కట్ట దాటి అనంతపురం బస్సు ఎక్కితే, చెరువులో నీళ్లున్న సంవత్సరాలు తక్కువ కాబట్టి, కిటికీలోంచి చూడటానికి తుమ్మచెట్లూ, నెర్రెలిచ్చిన నేలా తప్ప ఇంకేమీ ఉండేది కాదు. అందుకని ఒళ్లో అట్ట పెట్టుకుని, మిగిలిపోయిన పరీక్ష జవాబు కాగితాల వెనకవైపు గళ్లు గీసుకుని, వాటిలో అంకెలు నింపుకుంటూ పోయేదాన్ని. పక్కన కూర్చున్న ఆడవాళ్లు అష్టాచెమ్మా అనుకునేవాళ్లు. ఒకామె అయితే ఎదురుగా ఎవరాడతారమ్మా అని అడిగింది కూడా.

ఆ గళ్ల సంగతి కాస్త చెప్పాలి. పెద్ద కుటుంబం ఫోటో చూసి, ఎవరెవరున్నారో వరసగా పేర్లు రాసుకున్నట్టు, ఒక ఆల్జీబ్రాకు ఉన్న రిప్రజెంటేషన్ లోపల ఏమేముందో పదాలుగా రాసి కూడితే వచ్చేదే దాని క్యారెక్టర్. ఆ పదాలను సమీకరణాలతో పట్టుకోవాలంటే జన్మ చాలదు. దానికి ఒక అడ్డదారి ఉంది. కొన్ని గళ్లు గీసి, నియమం తప్పకుండా వాటిలో అంకెలు నింపుతాము. ఒక్కో నింపుడుకు ఒక్కో పదం పుడుతుంది, అన్ని విధాలా నింపితే క్యారెక్టర్ మొత్తం చేతికొస్తుంది. ఎక్కడో ఆకాశంలో ఉన్న శాస్త్రం ఇట్లా చిన్నపిల్లల ఆటలాగా గళ్లలోకి దిగివస్తుందని తెలిసిన రోజు నాకు కలిగిన ఆనందం, అమ్మతోడు, నా పెళ్లిరోజు కూడా కలగలేదు. మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. ఒకసారి నా కాగితాలు తిప్పి తిప్పి చూసి, "ఏ చీరకమ్మా ఈ డిజైను? అంచు యాడుండాది?" అని అడిగాడు. అంచు ఇంకా దొరకలేదు నాయనా, వెతుకుతున్నానన్నాను.

ఇక మా గైడు గారు. చచ్చినవాడి కండ్లు చారెడు అంటారు, ఆయన పోయి రెండేళ్లయింది కనుక అందరూ ఇప్పుడు ఋషి అంటున్నారు. నేననను. మా జిల్లావాడే అయినా నాలుకను తోమి తోమి పుస్తకంలోని భాష మాట్లాడేవాడు. నా నోట ఉండాది అన్న మాట జారితే చాలు, గదిలో అందరి వైపూ తిరిగి, మళ్లీ ఒకసారి చెప్పమ్మా వింటాం అని నా చేత నాలుగుసార్లు పలికించేవాడు. సుద్దముక్క చేతికిచ్చి నల్లబల్ల ముందు నిలబెట్టడం ఆయనకు ఇష్టమైన శిక్ష. నిలబెట్టి, టీ తెప్పించుకుని, తాపీగా తాగుతూ చూసేవాడు. ఆ డిపార్టుమెంటులో వేసవిలో కుండలో నీళ్లు కూడా ఉండేవి కావు, ఆయన టీ మాత్రం తప్పేది కాదు. అయినా ఆయన దగ్గరే ఉన్నాను, ఎందుకంటే ఈ విద్య తెలిసినవాడు ఈ చుట్టుపక్కల ఆయనొక్కడే. విదేశంలో ఒక ఏడాది ఉండి నేర్చుకుని వచ్చాడు, మా దాకా రాని పత్రికలన్నీ ఆయన బీరువాలో ఉండేవి, బీరువా తాళం ఆయన జేబులో ఉండేది.

ఆయన మాకు మొదట నేర్పిన నియమం ఒకటుంది. చేత్తో నింపే లెక్క కదా, చూపు తప్పి ఒకే పదాన్ని రెండుసార్లు దించుకోవడం అందరికీ జరిగేదే. అందుకని ఒకే పదం రెండోసారి కనబడితే అది మీ కన్ను చేసిన తప్పు, ఆలోచించకుండా కొట్టేయండి, ఆలోచిస్తూ కూర్చుంటే తెల్లారుతుంది అనేవాడు. ఎవరి కాగితంలోనైనా ఒక పదం రెండుచోట్ల దొరికితే ఆ కాగితం చింపి కిటికీలోంచి పారేసేవాడు. ఆ గాలికి అవి ఎక్కడో పోయి తుమ్మకంపలకు తగులుకునేవి. ఈ ఆల్జీబ్రాల్లో ఏ, బీ, సీ, డీ అని కుటుంబాలుంటాయి. ఏ అనే కుటుంబంలో మేము చేసిన లెక్కలన్నిటికీ ఆయన నియమం సరిగ్గా సరిపోయింది. అక్కడ రెండోసారి కనబడేది నిజంగానే మా చేతి తప్పు. ఏడాదిన్నర ఆ లెక్కలే చేసి చేసి, రెండోసారి కనబడినదాన్ని కొట్టేయడం నా వేళ్లకు అలవాటైపోయింది, బియ్యంలో రాయి కనబడితే ఏరి పారేసినట్టే.

తరువాత డీ కుటుంబం నాకిచ్చాడు. అందులో చిన్నదాని బొమ్మ నడుమ ఒక చుక్క, చుట్టూ మూడు చుక్కలు, వాటిని కలిపే మూడు గీతలు, పొద్దున్నే బద్ధకంగా వేసిన ముగ్గులాగా ఉంటుంది. ఆ నడుమ చుక్కకు సంబంధించిన క్యారెక్టర్ కట్టాలి. బస్సులో కట్టాను, ఇంట్లో సంగటి కెలుకుతూ కట్టాను, బిడ్డకు జ్వరమొస్తే తడిగుడ్డ వేస్తూ కూడా కట్టాను. ఒకచోట ఒక పదం రెండోసారి వచ్చింది. నా చేయి దాన్ని కొట్టేసింది. మొత్తం ఇరవై ఎనిమిది తేలింది. పాతకాలపు ఆల్జీబ్రా పుస్తకం తెరిచి చూస్తే, ఆ నడుమ చుక్కకు కొలత ఇరవై ఎనిమిదే అని రాసి ఉంది. ఇక నా సంతోషం ఏమని చెప్పను! పుస్తకానికీ నాకూ లెక్క కుదిరింది. పాత ఆల్జీబ్రా వేరు, ఈ కొత్త క్వాంటమ్ ఆల్జీబ్రా వేరు, కొత్తదానిలో ఆ ఇరవై ఎనిమిదికి తోడు ఒకటి అదనంగా వచ్చి చేరుతుంది అన్న మాట ఆ పుస్తకంలో లేదు. అది సారు బీరువాలో ఉంది.

ఆ కాగితం తీసుకుపోయి ఆయన బల్ల మీద పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. నేను కొట్టేసిన పదం మీద ఆయన వేలు ఆగడం నాకు ఈరోజుకీ గుర్తుంది. తలెత్తి, చిన్నగా నవ్వి, బాగుందమ్మా, ఇక డీ కుటుంబం మొత్తానికి సూత్రం రాయి అన్నాడు. ఆయన నోట బాగుంది అన్న మాట వినడం అదే మొదలు. ప్రతి పదమూ ఒక్కసారే వస్తుంది అన్నదాన్ని పునాదిగా వేసుకుని, దాని మీద సెలవున్న మిగతా మూడేళ్లూ సూత్రం కట్టాను. ఒక్కో అధ్యాయం రాసి తీసుకుపోయేదాన్ని, ఆయన చదివేవాడు, కామాలు దిద్దేవాడు, ఇక్కడ వాక్యం పొడుగైంది అనేవాడు, ఊఁ, కానివ్వమ్మా అనేవాడు. నల్లబల్ల దగ్గర నిలబెట్టడం మానేశాడు. నాకూ టీ తెప్పించేవాడు. సారు మారిపోయాడని మా ఆయనతో చెప్పి మురిసిపోయాను కూడా.

థీసిస్ ఇచ్చే ముందు అందరి ఎదుటా చదివి వినిపించడం ఆ డిపార్టుమెంటులో ఆచారం. బయటి యూనివర్సిటీల నుంచి ఇద్దరు పెద్దలొచ్చారు, హాలు నిండింది. ఆ రోజు చదివేవాళ్ల ఇంటివాళ్లు వచ్చి గైడుకు బట్టలు పెట్టడం కూడా మా వైపు వాడుకే. మా నాయన పొద్దున్నే ధర్మవరం నుంచి బస్సెక్కి, తన మగ్గం మీద తనే నేసిన పట్టుపంచె పేపర్లో చుట్టుకుని వచ్చి, వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయాను. అంతా అయ్యాక సారు లేచి, ఎంతో ప్రేమగా, ఏదీ, ఆ నడుమ చుక్క లెక్క ఒకసారి నల్లబల్ల మీద చేసి చూపించమ్మా, పెద్దలు చూస్తారు అన్నాడు. చేయడం మొదలుపెట్టాను. కళ్లు మూసుకునైనా చేయగలను కదా. ఆ పదం రెండోసారి వచ్చింది, నా చేయి దాన్ని కొట్టేయబోయింది.

"ఆగు. దాన్ని ఎందుకు కొట్టేస్తున్నావు?" అన్నాడు.

"రెండోసారి వస్తే చేతితప్పని మీరే చెప్పినారు కద సార్" అన్నాను.

"నేను చెబితే బావిలో దూకుతావా అమ్మా?" అన్నాడు, హాలంతా గొల్లుమంది.

అప్పుడు మొదలుపెట్టాడు. బీరువాలోని పత్రిక చేతిలోనే సిద్ధంగా ఉంది. అందులో ఇరవై తొమ్మిది అని చదివి వినిపించాడు. ఆ పదం రెండు వేర్వేరు నింపుళ్ల నుంచి వస్తుందనీ, రెండూ నిజమేననీ, ఈ చిన్న సంగతి తెలియక ఈవిడ ఇన్ని అధ్యాయాలు రాసిందనీ, అధ్యాయం అధ్యాయం తిప్పుతూ, ఇదీ పోయింది, ఇదీ పోయింది అని ఒక్కో దాన్నీ తీసి బల్ల మీద బోర్లించాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. నా చేతిలో సుద్దముక్క ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు. బయటి నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, పోనివ్వండి సార్, దిద్దుకుంటుంది అన్నారు. దిద్దుకోవడానికి ఇంకా ఏముందని, సెలవు వచ్చే నెలతో సరి అని సారే జవాబిచ్చాడు. నా సెలవు ఎప్పటికి తీరుతుందో నాకంటే ఆయనకే బాగా గుర్తుంది.

అక్కడితో వదిలినా బాగుండేది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, వెనక వరసలో ఉన్న మా నాయనను చూసి, ఈ అమ్మాయి తండ్రిగారు మీరేనా, చేతిపని బ్రహ్మాండంగా చేస్తుందండీ మీ అమ్మాయి, మగ్గం దగ్గరే ఉంచుకోవాల్సింది అన్నాడు. మళ్లీ నవ్వులు. మా నాయనకు ఆ హాలులో జరిగినదానిలో ముక్క అర్థం కాలేదు. ఇంగ్లీషులో జరిగినదంతా ఆయనకు చప్పుడే. తెలుగులో తన వైపు తిరిగి అన్నది మాత్రం చేతిపని బ్రహ్మాండం అన్న మాట. నేతగానికి అంతకంటే పెద్ద మెప్పు ఏముంటుంది? ఆయన ముఖం వెలిగిపోయింది. అందరూ నవ్వుతుంటే తనూ నవ్వుతూ ముందుకొచ్చి, పేపరు విప్పి, ఆ పట్టుపంచె సారు భుజాల మీద కప్పి, రెండు చేతులెత్తి దండం పెట్టాడు. సారు కప్పించుకున్నాడు. నేను నల్లబల్ల దగ్గర నిలబడి చూశాను. ఆ క్షణంలో భూమి చీలితే బాగుండుననుకోలేదు, ఆయన మెడకే ఆ పంచె బిగించాలనిపించింది. ఉన్న మాట చెబుతున్నాను.

మా నాయనను బస్సెక్కించడానికి పోతే, దారిపొడుగునా అదే మాట. "సారు బలే మెచ్చుకున్యాడు కదమ్మా. అంత మంది పెద్దోళ్ల ముందర! మన చేతిపని యాడికి పోతాది?" అన్నాడు. ఆఁ నాయనా అన్నాను. ఇంకేమనాలి? కిటికీలోంచి చేయి ఊపుతూ పోయాడు. వీధి వీధంతా చెప్పుకున్నాడని తరువాత మా చెల్లెలు చెప్పింది. ఆయన బతికినన్నాళ్లూ, నేను పుట్టింటికి పోయినప్పుడల్లా, ఆ పట్టా ఇంకా ఇయ్యలేదా అమ్మా, సారును ఒకసారి అడగరాదా, మంచోడు కదా అనేవాడు. మింగలేక కక్కలేక, వస్తాది నాయనా అనేదాన్ని. ఆయన మగ్గం మీద కూర్చుని ఉండగానే గుండె ఆగి పోయాడు. ఆ రోజు వచ్చిన వాళ్లలో ఒకాయన నాతో, మీ నాయన నీ చదువు గురించి ఎప్పుడూ చెప్పేవాడమ్మా, డాక్టరువంట కదా అన్నాడు.

సెలవు తీరింది, మళ్లీ పాత కాలేజీకే పోయాను. కొన్నాళ్లకు సారు డీ కుటుంబం మీద ఒక వ్యాసం అచ్చువేశాడు. నా సూత్రమే, ఆ రెండును సరిచేసి, మిగతాదంతా నేను కట్టినట్టే కట్టి ఉంది. చివరన కృతజ్ఞతల్లో, ఓపికగా చేతి లెక్కలు చేసిపెట్టినందుకని నా పేరు వేశాడు. ఎవరో ఫోన్ చేసి అభినందించారు కూడా. నేను ఆ ఫోన్ పెట్టేసి డిగ్రీ పిల్లల పేపర్లు దిద్దుకున్నాను.

ఆయన్ను ఆఖరుసారి చూసింది పుట్టపర్తిలో. మా కాలేజీ ఆవిడ కూతురి పెళ్లికి పోయి, లాడ్జీల సందులో టీ తాగుదామని ఆగితే, ఎదుటి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చిక్కి శల్యమై, చేతిలో కర్రతో, ఆశ్రమం దగ్గరే గది తీసుకుని ఉంటున్నాడట. నన్ను గుర్తుపట్టాడు, రామ్మా అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తోముకున్న భాషంతా వయసుతో పాటు రాలిపోయి, పుట్టిన ఊరి మాట బయటపడింది. మీ నాయన బాగున్నాడా, ఇంకా నేస్తాండాడా అని అడిగాడు. పోయినాడు సార్ అన్నాను. పాపం, మంచోడు అన్నాడు. నేను తిన్నగా అడిగేశాను, ఇన్నేళ్లూ గొంతులో పెట్టుకున్నదాన్ని ఇంకెప్పుడు అడుగుతాను? ఆ రెండో పదం సంగతి మీకు ఎప్పుడు తెలిసింది సార్, ఆ రోజు హాలులోనేనా అని.

"మొదటి దినమే తెలుసమ్మా" అన్నాడు, టీ గ్లాసు కింద పెట్టి. "నువ్వు ఆ కాగితం తెచ్చినావే, ఆ దినమే. నీ అంతట నువ్వు ఎప్పుడు కనుక్కుంటావో చూస్తామని ఊరకున్యా. నువ్వు అధ్యాయం తెచ్చినప్పుడల్లా నవ్వు ఆపుకోలేక చస్తాంటి. మా సారు నన్నూ ఇట్లే చేసినాడు. బాగా ఏడ్చినా. అట్లయ్యే కదా మనిషినైనా!"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్లలో పశ్చాత్తాపం కాదు కదా, దాని నీడ కూడా లేదు. పాత సినిమా కథ చెప్పినంత హుషారుగా చెప్పాడు. నేను చేసినట్టు నువ్వు కూడా నీ శిష్యులకు చేసి ఉంటావు కదా అన్నట్టు నా వైపు చూశాడు. నాకు శిష్యులెక్కడ సార్, ఆ అవకాశం మీరు ఇయ్యలేదు కదా అని లేచి వచ్చేశాను. వెనక నుంచి ఏమ్మా, టీ తాగకుండానే పోతాండావే అని పిలిచాడు. తిరిగి చూడలేదు. ఆయన పోయాడని తెలిసినప్పుడు స్నానం కూడా చేయలేదు.

ఇప్పుడు ఈ పిల్లలు ఒక్క నొక్కుతో ఇరవై తొమ్మిది తెప్పించుకుంటుంటే, అబ్బా ఎంత వేగమో అని మన ఈడు వాళ్లు నోరెళ్లబెడతారు. వేగం ఎవరిక్కావాలి? బస్సు పోయేంత నెమ్మదిగా చేసినా ఆ లెక్క నాకు తీపే. నేను ఈర్ష్యపడేది ఇంకోదానికి. మా మనవరాలు తప్పు కొడితే ఆ పెట్టె వెంటనే తప్పని అంటుంది, ముఖం చూడదు, సమయం చూసుకోదు, ఏళ్ల తరబడి కడుపులో దాచుకుని సంతోషపడదు. మనకు ఆ కాలంలో దొరికింది మనిషి. ఆ మనిషిని దేవుడనుకున్నాం, దేవుడు మాట్లాడకపోతే అంతా మంచికేనని నమ్మాం. అందుకే ఆ పిల్లతో, నీకు తప్పులు చూపించాల్సిన వాళ్లు చూపించకుండా నవ్వుతున్నారేమో చూసుకో తల్లీ అని మాత్రం చెప్పాను. దానికి అర్థం కాలేదు, ఊఁ అవ్వా అంది.

ఆ శాస్త్రం మీద మాత్రం నాకు ఏనాడూ కోపం లేదు. అది నన్ను ఎగతాళి చేయలేదు, నా దగ్గర ఏదీ దాచలేదు. చెప్పాల్సిన నిజాన్ని నా ఒళ్లోని కాగితం మీద ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పింది. మనిషి మాట విని ఒకదాన్ని నేనే కొట్టేశాను.